చల్లారని రాత్రులు

వేసవి దినములలో ప్రతి సాయంకాలమును వాతావరణ శాఖవారు హైదరాబాదు నగరమున కొక యంకెను ప్రకటింతురు. నేడు గరిష్ఠ ఉష్ణోగ్రత ఇన్ని డిగ్రీలని. మరునాటి యుదయమున పత్రికలన్నియు, మా పత్రికయు నందులోనిదే, ఆ యంకెను పెద్ద యక్షరములతో ముద్రించును. కోటిమందికి నెలవైన నగరమున కొక్క యంకె. ఆ యంకె పుట్టు చోటు బేగంపేట విమానాశ్రయ ప్రాంగణము. విశాలమైన మైదానమున, తెల్లరంగు పూసిన పెట్టెలో, గాలి యిటునటు తిరుగునట్లు పలకలమర్చి, నేలకు నాలుగడుగుల యెత్తున ఉష్ణమాపకము నుంచుట శాస్త్రసమ్మతమైన పద్ధతి. దానిని మేము తప్పుపట్టుట లేదు. అన్ని దేశములవారును అట్లే కొలుతురు. కాని ఆ పెట్టెకు నీడ గలదు, గాలి గలదు, తెల్లరంగు గలదు. నగరమున లక్షలాది జనులకు ఈ మూడును లేవు.

మా పత్రికను తెల్లవారుజామున ఇండ్లకు చేర్చు కుర్రవాడొకడు మూసీ యొడ్డున నొక బస్తీలో, మూడవ యంతస్తు పైన వేసిన రేకుల గదిలో తల్లిదండ్రులతో కాపురముండును. వేసవి నడుమ నాతడు రోజురోజునకు ముందుగా వచ్చుచుండుట చూచి, కారణమేమని యడిగితిమి. "రాత్రి రెండింటి దాంక గోడకు చెయ్యి పెట్టరాదు సార్. పండుకుంటె వీపు కాలుతది. ఇగ పండుకునుడెందుకని వస్తున్న" నని యాతడు బదులు చెప్పెను. మేము అచ్చువేసిన యంకె మధ్యాహ్నము మూడు గంటలది. ఆతని బాధ అర్ధరాత్రి దాటిన పిదపటిది. ఈ రెంటికిని నడుమ నున్న యంతరమును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

వడగాల్పు వేరు, నగరము తనకు తాను పుట్టించుకొను వేడి వేరు. మొదటిది ఆకాశమునుండియు దూరప్రాంతములనుండియు వచ్చునది. వాయవ్య దిక్కునుండి వీచు పొడిగాలులును, మబ్బులేని నింగియు, కదలక నిలిచిన వాయుమండలమును కలిసి దానిని తెచ్చును. జూబిలీహిల్సు మేడకును మూసీ యొడ్డు గుడిసెకును దాని దృష్టిలో భేదము లేదు. రెండవది మన చేతిపని. కాంక్రీటుతో, తారుతో, రేకులతో, కొట్టివేసిన చెట్లతో, పూడ్చిన కుంటలతో, గోడగోడకు తగిలించిన శీతలయంత్రములతో మనమే దానిని నిర్మించుకొంటిమి. చుట్టునున్న పల్లెపట్టులకంటె వెచ్చనై, నీటినడుమ దీవివలె నగరము వేరుపడి కనబడుటచేత శాస్త్రజ్ఞులు దీనికి ఉష్ణద్వీపమని పేరిడిరి.

ఈ సంగతి నేడు క్రొత్తగా కనిపెట్టబడినది కాదు. లండనునగరమున మందులు తయారుచేయు వృత్తిలోనుండిన ల్యూక్ హవర్డను నాతడు, మేఘములకు నేటికిని వాడుకలో నున్న లాటిను నామములను కూర్చిన యాతడే, ఏండ్లతరబడి నగరము వెలుపలను లోపలను ఉష్ణోగ్రతలను గుర్తించి, 1818 మొదలు 1820 వరకు రెండు సంపుటములుగా ప్రకటించెను. నగరము రాత్రివేళ పల్లెకంటె సగటున 3.7 ఫారెన్‌హైటు డిగ్రీలు వెచ్చగా నున్నదనియు, పగటివేళ మాత్రము మూడవవంతు డిగ్రీ చల్లగానే యున్నదనియు ఆతడు తేల్చెను. బొగ్గుపొగ కమ్మిన నాటి లండనునందే ఈ యుష్ణము రాత్రించరమని తేలినది. రెండువందల యేండ్లు గడచినను మన ప్రకటనలును, మన హెచ్చరికలును పగటినే పట్టుకొని వ్రేలాడుచున్నవి.

మన వాతావరణ శాఖవారి నిర్వచనమునే చూడుడు. మైదాన ప్రాంతమున గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు తగ్గక, ఆ కాలమునకు సహజమైన దానికంటె నాలుగున్నర డిగ్రీలైనను హెచ్చినచో, లేక మొత్తమున 45 డిగ్రీలను చేరినచో, దానిని వడగాల్పని యందురు. రాత్రి కనిష్ఠము మితిమీరినపుడు వేడి రాత్రియని వేరుగ పేర్కొను నియమమును కలదు. కాని ఆ మాట వార్తలలో చివరి వాక్యముగా వచ్చును. పాఠశాలలకు సెలవులిచ్చుటకు, పని వేళలు మార్చుటకు, మజ్జిగ పంచుటకు అందరును చూచునది మధ్యాహ్నపు టంకెనే.

రాత్రి ఏల ముఖ్యము? మనుష్య శరీరము పగలంతయు ఎండతో పోరాడును. గుండె వడివడిగా కొట్టుకొని నెత్తురును చర్మమునకు తెచ్చును, చెమట పట్టును, చెమట యారుచు ఒడలిని చల్లార్చును. ఈ పనికి విరామము రాత్రియే. రాత్రి గది చల్లబడనిచో గుండెకు సెలవు లేదు. మరునాడు మరల అదే పోరాటము, ముందటి దినపు అలసటతో. ముసలివారు, పసిబిడ్డలు, గుండెజబ్బు మూత్రపిండముల జబ్బు గలవారు మూడవనాటికో నాలుగవనాటికో కూలుదురు. వడగాల్పు మొదటి దినముకంటె పిదపటి దినములు ప్రాణాంతకములగుటకు ఇదియే హేతువు.

పల్లెపట్టున సూర్యుడస్తమించినంతనే నేల తన వేడిని ఆకాశమునకు విడిచిపెట్టును. అడ్డము లేదు. ఆరుబయట మంచము వేసికొని పడుకొన్న రైతుకు నడిరేయి దాటిన పిమ్మట దుప్పటి కావలసివచ్చుట మనమెల్ల ఎరిగినదే. నగరమున ఇటుకయు, కాంక్రీటును, తారురోడ్డును పగలంతయు వేడిని త్రాగి లోన దాచుకొనును. రాత్రి దానిని విడువబోగా, ఇరుకు సందున ఎదుటిగోడ అడ్డము నిలుచును. ఈ గోడ విడిచిన వేడిని ఆ గోడ పుచ్చుకొనును, ఆ గోడ విడిచినదానిని ఈ గోడ. సందునుండి తల పైకెత్తి చూచిన నెంత ఆకాశము కనబడునో అంతయే ఆ సందు చల్లబడుటకు గల ద్వారము. పాతబస్తీ గల్లీలో నిలిచి చూచిన ఆ ద్వారము జానెడు.

ఇక నీ రెండు వేడులును కలిసినపుడు జరుగునది వట్టి కూడిక కాదు. ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమునకు చెందిన డాన్ లీ, ఎలీ బూజైద్ అను పరిశోధకులు అమెరికాలోని బాల్టిమోరు నగరమున 2008 నాటి వడగాల్పును పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితమిది: వడగాల్పు దినములలో నగరమునకును పల్లెకును గల ఉష్ణభేదము మామూలు దినములకంటె హెచ్చును. హేతువులు రెండు చెప్పిరి. తడి గల నేలయు, చెట్టుచేమయు ఎండ ముదిరినకొలది నీటిని ఆవిరిచేసి కొంత చల్లదనమును సంపాదించుకొనును. నగరమున ఆవిరిచేయుటకు తడి యేది? వచ్చిన ఎండ యంతయు వేడిగనే మారును. రెండవది, వడగాల్పున గాలివాలు తగ్గి, నగరపు వేడిని తరలించుకొనిపోవువారు లేకపోదురు. మన వాడుకలో వడగాల్పన్నమాటలో గాల్పు గలదు గాని, రాత్రి ఆకు కదలదని బస్తీవాసులెల్ల చెప్పుదురు.

ఇచ్చట మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. దానిని ఎరుగని పెద్దమనుష్యులు అప్పుడప్పుడు సభలలో, హైదరాబాదునకు ఉష్ణద్వీపమే లేదు, ఉపగ్రహచిత్రములు చూచుకొనుడని వాదింతురు. వారి చిత్రములు అబద్ధములు కావు. ఏప్రిలు మే మాసములలో నగరము చుట్టునున్న పొలములు కోతలయి, బీడుపడి, పిడచకట్టి యుండును. పగటివేళ ఆ బీడునేల నగరముకంటె హెచ్చుగా కాలును. నగరమున కొన్ని చెట్లైనను, నీడలైనను గలవు గదా. కావున మిట్టమధ్యాహ్నపు చిత్రమున మన నగరము చుట్టుపట్లకంటె చల్లగా కనబడుట కలదు. దేశములోని పెక్కు నగరములయందు వేసవిపగళ్లు ఇట్లే యున్నవని ఈ దశాబ్దమునకు కొంచెము ముందు పరిశోధకులు గుర్తించిరి. అదే నగరమును రాత్రి చూచిన కథ తారుమారు. బీడు చల్లారినది, నగరము చల్లారలేదు. హవర్డు లండనున చూచినదియు నిదియే. పగటి చిత్రమును చూపి రాత్రి చచ్చువారిని లేరనుట న్యాయము కాదు.

నగరమన్న నేమి? ఒక్క ముద్ద కాదు. బంజారాహిల్సు, జూబిలీహిల్సులు పుట్టుకచేత రాతిగుట్టలు. రాయి వేడిని నిలువచేయుటలో కాంక్రీటునకు తీసిపోదు. అయినను అచ్చట ఇంటింటికి తోట గలదు, నడుమ మూడువందల యెకరములకు మించిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనము గలదు, రోడ్లు వెడల్పు, ఇండ్లు ఎడమెడము. సికింద్రాబాదు కంటోన్మెంటున సైనికుల పుణ్యమాయని ముదిచెట్లు మిగిలినవి. చార్మినారు చుట్టుపట్ల ఒకప్పుడు దేవిడీలకు నడిమి ముంగిళ్లును, వానిలో నూతులును, చెట్లును ఉండెడివి. వారసులు పంచుకొన్న కొలది ముంగిలి గదియయ్యెను, గదిమీద గది లేచెను. జీడిమెట్ల, బాలానగరు వైపున ఖార్ఖానాలును, వానిని నమ్ముకొని బ్రదుకు కూలివారి రేకుల వరుసలును ఒకదాని నొకటి ఒరసికొని యున్నవి. గుట్టమీది తోటయింటికిని, గుట్టక్రింది బస్తీకిని నడుమ దూరము కొన్నిచోట్ల ఒక రోడ్డు వెడల్పు మాత్రమే. పగటివేళ ఇరువురికిని వాతావరణశాఖ యంకె యొక్కటే. రాత్రి ఒకరికి తలుపు తెరచిన చల్లగాలి, మరియొకరికి తలుపు తెరచిన పొరుగింటి శీతలయంత్రపు వేడియూర్పు.

ఆ యంత్రమును గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. అది చల్లదనమును సృష్టింపదు. గదిలోని వేడిని తోడి వీథిలో పారబోయును, తాను త్రాగిన విద్యుత్తును గూడ వేడిగ మార్చి దానికి చేర్చును. అమెరికాలోని ఫీనిక్సు నగరమును గూర్చి 2014లో ప్రకటితమైన పరిశోధనయందు, ఈ యంత్రముల చేతనే కొన్ని తావుల రాత్రి గాలి ఒక డిగ్రీకి మించి వేడెక్కుచున్నదని లెక్కకట్టిరి. మా కార్యాలయమునను యంత్రములు గలవు గాన ఇతరులను నిందించు నర్హత మాకు లేదు. యంత్రము కొనగలవాని వేడిని కొనలేనివాడు మోయుచున్నాడన్న లెక్క మాత్రము చెప్పవలసియున్నది.

పేటకును పేటకును మాత్రమే కాదు, ఒక్క యింటిలోనే అంతస్తునకును అంతస్తునకును భేదము గలదు. అహమ్మదాబాదునందలి యొక ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన శిశువుల నుంచు చోటు పైయంతస్తున ఉండెడిది. 2010 మే మాసపు వడగాల్పున అచ్చటి శిశువులు వేడికి జబ్బుపడి శిశుచికిత్సాలయమునకు రాసాగిరి. వైద్యులు హేతువును గ్రహించి ప్రసూతివిభాగమును క్రింది యంతస్తునకు దించిరి. పిదప అట్టి జబ్బులు తగ్గినవని వైద్యులు 2014లో వ్రాసి ప్రకటించిరి. మందు మారలేదు, వైద్యుడు మారలేదు, పైకప్పునకు దూరమైరి, అంతే. ఒక ఆసుపత్రికి అవగతమైన ఈ సత్యమును, మూడవ యంతస్తు పైన రేకులగది కట్టి అద్దెకిచ్చు గృహస్థులు ఆలోచింపవలెను. ఆ మాట ముందు చెప్పెదము.

పేటలవారి మరణములను శ్రద్ధగా లెక్కించిన యుదాహరణము షికాగో నగరమునది. 1995 జూలై 13న అచ్చట ఉష్ణోగ్రత 106 ఫారెన్‌హైటు డిగ్రీలు, మన లెక్కకు 41. అది మనకు మే మాసపు మామూలు దినమేకదాయని పాఠకులు నవ్వవచ్చును. కాని గాలిలో చెమ్మ హెచ్చు, రాత్రులు చల్లారలేదు, జనులకు అలవాటు లేదు. ఆ వారమున మామూలుకంటె అదనముగా 739మంది మరణించిరి. శవాగారము చాలక శీతలీకరణము గల లారీలను తెప్పించిరి. ఎరిక్ క్లైనెన్‌బర్గు అను సమాజశాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించి 2002లో గ్రంథము వ్రాసెను. ఉత్తర లాన్‌డేలు, దక్షిణ లాన్‌డేలు అను రెండు పేటలు ఒకదాని ప్రక్క నొకటి యున్నవి. రెంటను పేదలు గలరు, ఒంటరి వృద్ధులు గలరు. మొదటిదానిలో లక్షకు 40మంది మరణించిరి, రెండవదానిలో లక్షకు నలుగురు. సూర్యుడు రెంటికి ఒక్కడే. ఉత్తరపు పేటలో కర్మాగారములు మూతపడి, జనులు వలసపోయి, దుకాణములు పోయి, వీథులు పాడువడినవి. భయముచేత వృద్ధులు తలుపు కిటికీలు బిగించుకొని లోపల నుడికిపోయిరి. దక్షిణపు పేటలో అంగళ్లు, జనసమ్మర్దము, పిలిచిన పలుకు పొరుగువారు. వృద్ధులు నడిచి అంగడికి పోయి చల్లని చోట కూర్చుండిరి. కావున ఉష్ణము ఎంతయో ఇల్లు అంత, ఇల్లు ఎంతయో వీథి అంత.

ఆ దేశమునందే మరియొక పరిశోధన కలదు. 1930ల దశాబ్దమున ప్రభుత్వపు గృహఋణ సంస్థ నగరములకు పటములు గీయించి, నల్లజాతివారును పేదలును ఉండు పేటలకు ఎర్రరంగు వేయించినది. అచ్చట అప్పు పుట్టుట దుర్లభమయ్యెను. 2020లో 108 నగరములను పరిశీలింపగా, వానిలో నూటికి 94 నగరములయందు ఆనాటి యెర్రపేటలే నేటికిని వేడిపేటలని తేలినది. సగటు భేదము 2.6 డిగ్రీలు. చెట్టు నాటుటకు రూపాయ ఏ పేటకు పోయినదో, కార్ఖానాయు పెద్దరోడ్డును ఏ పేటమీదికి తోలబడినవో, దాని ఫలితము తొంబదియేండ్లకు ఉష్ణమాపకమున చదువవచ్చును. మనకు అట్టి ఎర్రపటము ఎవ్వరును గీయలేదు. గీయకయే అట్టి పేటలను మనము సంపాదించుకొంటిమి.

మన మరణముల లెక్కను గూర్చి వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. 2003లో ఉమ్మడి యాంధ్రప్రదేశమున వేయికి మించి, 2015 మే మాసమున ఆంధ్ర తెలంగాణములు రెంటను కలిపి వేయిన్నరకు మించి జనులు వడదెబ్బకు మడిసిరని ప్రభుత్వముల లెక్కలే చెప్పినవి. ఇవి వడదెబ్బ యని నిర్ణయింపబడిన మరణములు. ఎండలో కూలిపని చేయుచు పడిపోయినవాడు, బస్సుకై నిలుచుండి పడిపోయినవాడు ఈ లెక్కలోనికి వచ్చును. రేకులగదిలో నాలుగురాత్రులు నిద్రలేక, ఐదవ రాత్రి గుండె యాగి, తెల్లవారి చూచువరకు చల్లబడియున్న వృద్ధురాలు ఈ లెక్కలోనికి రాదు. ఆమెకు గుండెజబ్బని వ్రాయుదురు. 2025 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వడగాల్పును రాష్ట్రవిపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు నాలుగులక్షల రూపాయల పరిహారమును నిర్ణయించుట మెచ్చదగిన పని. కాని పరిహారము హెచ్చినకొలది ఋజువు కోరుటయు హెచ్చును. రాత్రి యింట చచ్చినవారికి ఋజువేది?

అహమ్మదాబాదువారు వేరొక త్రోవ త్రొక్కిరి. 2010 మే మాసమున నగరమున జరిగిన మరణముల నన్నిటిని, కారణముతో నిమిత్తము లేక, ముందువెనుకల యేండ్ల మే మాసములతో పోల్చి చూచిరి. 1,344 మరణములు అదనముగా తేలినవి. మే 21న ఆ నగరమున 46.8 డిగ్రీల వేడి యుండెను. ఆ యంకె కన్నులు తెరిపింపగా 2013లో ఉష్ణరక్షణ ప్రణాళికను రచించుకొనిరి. దక్షిణాసియాలో అదియే మొదటిది. ముందుగా హెచ్చరించుట, ఆసుపత్రులను సిద్ధపరచుట, బస్తీలలో నీరందించుట, కప్పులకు తెల్లరంగు వేయించుట, ఇవియే అందలి పనులు. ఏటికి సుమారు 1,190 మరణములు తప్పినవని 2018లో పరిశోధకులు అంచనా కట్టిరి. ఇందులో మంత్రమేమియు లేదు. లెక్క మొదట సరిచేసికొనిరి, అంతే. హైదరాబాదు, విజయవాడ, వరంగల్లు నగరపాలక సంస్థలు పేటవారీగా, వారమువారముగా, గత పదియేండ్ల వేసవిమరణములన్నిటిని ఇట్లు పోల్చి ప్రకటించుటకు అడ్డమేమి? జననమరణముల పుస్తకములు వారియొద్దనే యున్నవి.

ఇక కప్పుల మాట. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలున చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ఐదేండ్లలో రాష్ట్రమంతటను 300 చదరపు కిలోమీటర్ల కప్పును, అందు 200 హైదరాబాదు ప్రాంతముననే, ఎండను త్రిప్పికొట్టునట్లు చేయవలెనని సంకల్పము. ప్రభుత్వభవనములకును, వ్యాపారభవనములకును ఇది విధి. నివాసగృహములలో 600 చదరపుగజములును అంతకు మించిన స్థలమును గలవానికి విధి. అంతకు లోబడినవానికి ఇష్టము. ఈ గీత ఎవరి తలమీదుగా పోవుచున్నదో పాఠకులు చూడుడు. ఆరువందల గజముల స్థలము గలవాని యింట చెట్లు గలవు, యంత్రములు గలవు. అరువది గజముల యింటి కప్పే అన్నిటికంటె కాలును, దాని క్రిందనే అన్నిటికంటె హెచ్చుమంది పడుకొందురు. పేదవానిమీద విధిని మోపరాదన్న దయ ఇందు గలదని ఒప్పుకొందము. అట్లైన ఆ కప్పుల ఖర్చును నగరపాలక సంస్థయే భరింపవలెను. 2017లో నగరముననే దేవరకొండబస్తీయందు ఇరువదియైదు పేదయిండ్ల కప్పులపై తెల్లని పొర పరపించి పరీక్షింపగా, లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గెను. రెండు డిగ్రీలు స్వల్పమని తోచవచ్చును. నిద్రపట్టుటకును పట్టకపోవుటకును నడుమ దూరము ఒక్కొక్కమారు అంతయే.

మా పాఠకులలో గృహస్థులు పెక్కురు. మేడపైన ఖాళీగానున్న చోట నాలుగు గోడలు లేపి, రేకులు కప్పి, అద్దెకిచ్చినవారు పలువురు. వారిని మేము దుష్టులనుట లేదు. ఆ గది లేకున్న ఆ కుటుంబము కాలువగట్టున నుండెడిది. రేకులు వచ్చుటకును కారణము గలదు. పూరికప్పు చల్లనిదే గాని వేసవివేసవికి నిప్పంటుకొని పేటలకు పేటలు తగులబడిన కథలు కోస్తాజిల్లాలవారికి తెలియనివి కావు. పెంకు కప్పుటకు మనుష్యులు దొరకరైరి. రేకు చవుక, వానకు కారదు, కాలదు. దానికి గల దోషమొక్కటే, క్రిందనున్నవానిని కాల్చును. ఈ దోషమునకు పరిహారము గృహస్థుని చేతిలో నున్నది. ఫాల్గుణమున ఒకమారు కప్పునకు తెల్లసున్నమో, అంగడిలో దొరకు తెల్లని రంగో పూయించి, లోపల వెదురుతడికెతోనో గడ్డితోనో అడుగున్నర యెడముంచి రెండవకప్పు వేయించినచో నగు ఖర్చు పెక్కుచోట్ల ఒక మాసపు అద్దెకు మించదు. ఇదివరకు ఇండ్లకు ఉగాదికి ముందు వెల్లవేయుట పండుగకొరకు మాత్రమే కాదు. అద్దె పత్రములో నీటికి, విద్యుత్తునకు పద్దులున్నవి, కప్పునకు లేదు. అద్దెకున్నవాడు తానే పూసికొందునన్నను, గోడ పాడగునని అడ్డుచెప్పు యజమానులను మేము ఎరుగుదుము.

చెట్లను గూర్చి ఉపన్యాసములు చాలినన్ని జరుగుచున్నవి. 2025 మార్చి కడపట కంచ గచ్చిబౌలియందు, విశ్వవిద్యాలయము ప్రక్క నాలుగువందల యెకరములలో చెట్లను యంత్రములు కూల్చుచుండగా విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3న సుప్రీముకోర్టువారు ఆ పనిని ఆపించిరి. నాలుగువందల యెకరములు పెద్దమాట గాన దేశమంతయు వినినది. బస్తీలో నాలుగు వేపచెట్లు రోడ్డు వెడల్పునకు పోయినపుడు విను న్యాయస్థానము లేదు. కాని రాత్రి పడుకొనువానికి దగ్గరి వేపచెట్టు, ఆరుమైళ్ల దూరమునున్న యడవికంటె ఉపకారి. చెరువు శిఖములను ప్లాట్లుచేసి అమ్మినవారును, కొన్నవారును మా పాఠకులలో లేరని మేము బుకాయింపలేము. ఆ కథ వేరుగ వ్రాయవలసినది.

విజయవాడ మాట కొంత వేరు. అచ్చట కొండవాలులమీద వేలకొలది ఇండ్లు రాతినానుకొని యున్నవి. వెనుకగోడయే కొండ. కృష్ణయు, మూడు కాలువలును ఉన్నను, చెమ్మ హెచ్చగుటచేత చెమట ఆరదు. హైదరాబాదు 42 కంటె అచ్చటి 40 హెచ్చుగా బాధించు దినములు కలవు. పైగా కొండపైకి నీరెక్కుట కష్టము. హైదరాబాదునకు వ్రాసిన ప్రణాళికను పేరుమార్చి అచ్చట ప్రచురించిన ప్రయోజనము లేదు.

నగరపాలక సంస్థలను మేము కోరునవి కొలదియే. తెలంగాణ ప్రణాళికాసంస్థవారి స్వయంచాలక యంత్రములు నగరమున పలుచోట్ల ఇప్పటికే కొలుచుచున్నవి. ఆ కొలతలనుండి పేటపేటకు రాత్రి రెండుగంటల యంకెను తీసి, మధ్యాహ్నపు టంకె ప్రక్కన ప్రకటింపవలెను. హెచ్చరికను జిల్లాకు గాక పేటకు ఇయ్యవలెను. వేడి రాత్రులు వరుసగా మూడు వచ్చినచో, ఏ పేటలలో వచ్చెనో ఆ పేటలలో పాఠశాలల క్రిందియంతస్తు గదులను రాత్రివేళ తెరచి, పంకా, నీరు, మరుగుదొడ్డి యమర్చి, వృద్ధులను పసిబిడ్డల తల్లులను పడుకొననీయవలెను. వేసవిసెలవులలో ఆ గదులు ఖాళీగానే యుండును. ఆశా కార్యకర్తలకు ఒంటరివృద్ధుల పేర్లు తెలియును. షికాగోలో లేనిదియు, మనకు మిగిలియున్నదియు ఆ పరిచయమే. ఉద్యానవనముల తలుపులు మధ్యాహ్నము మూయు ఆచారమెచ్చట నున్నను ఎత్తివేయవలెను. ఎండకు నీడ కావలసిన వేళనే నీడకు తాళము వేయుట మాకు అర్థము గాకున్నది.

మా వంతు పని గూడ చెప్పెదము. ఇన్నాళ్లును మేమును గరిష్ఠపు టంకెనే అచ్చువేసి, రాత్రి యంకెను వదలితిమి. అది స్థలాభావముచేత కాదు, అలవాటుచేత. ఈ వేసవినుండి వాతావరణపు శీర్షిక క్రింద రాత్రి కనిష్ఠమును, దొరికినంతవరకు పేటలవారీగా, గరిష్ఠమునకు సమానమైన యక్షరములతో ముద్రించెదము. దొరకని పేటకు ఎదుట గీత గీసి విడుతుము. ఏయే పేటలకెదుట గీతలు మిగులునో పాఠకులే చూడవచ్చును.